రాముడు రైలు దిగనేదు

హలో… ఆ, నేనే పిన్నీ, తులసినే. సెప్పు.

…ఇంటికాడే ఉన్నాను. ఆదివారం కదా, బడి నేదు. శృంగవరపుకోటలో ఆదివారమయితే బట్టలుతుక్కోడానికే సరిపోతాది. అయిపోనాదేటి అప్పుడే మీ పుస్తకాల మీటింగు? నౌపడ నుంచి ఇంటికెలాగొచ్చేవు, ఆటోలోనా?

— నడిచొచ్చేవా. ఇంత ఎండలోనా. ఎందుకలాగ?

…సరే, సరే. ముందు మీటింగు సంగతి సెప్పు. ఎవలు మొదలెట్టేరు, జగన్నాధం మాస్టారేనా? ఆయన రిటైరయిన కాడి నుంచి నెలకి నాలుగు పుస్తకాలు నమిలీస్తన్నారు.

ఊఁ… ఆరోగ్యం పుస్తకమా. ఎవలో డాక్టరు రాసింది. ఉప్పు తగ్గించమన్నాడా. మరి సోములు ఊరుకున్నాడా, ఉప్పుమళ్లలో పని సేసీవోడు? …నువ్వేటన్నావు?

‘ఈ డాక్టరు జన్మలో ఎండుసేప తిననట్టున్నాడు’ అనీసేవా. బాగుంది. పుస్తకం మీద అభిప్రాయమంటే అలాగే ఉండాలి. మొహమాటానికి బాగుంది బాగుంది అనీవోళ్లంటే నాకు ఒళ్లు మంట.

…నువ్వు నవ్వటం నేదేటి పిన్నీ.

తరవాత నీ వంతొచ్చింది. ఊఁ.

…మన నవల గురించి సెప్పేవా. ఆ నీలం అట్ట నవల.

ఒక్క మాట ముందు నాకు సెప్పకూడదా, ఈ నెల దాని గురించి మాటాడతానని…

— తప్పని కాదు. తప్పేటుంది? కళ్లతో సదివితేనేనా సదువు? నెల్లాళ్లు సాయంత్రం బడి వదిలేక నేనిక్కణ్నించి ఫోన్లో సదివేను, నువ్వక్కడ సేపలు కోసుకుంటా ఇన్నావు. అచ్చరం రాకపోయినా, అక్కడ కూకున్న వాళ్లందరికన్నా నీకే బాగా గురుతుంటాది. అయితే… ఏటన్నావు?

…ఊఁ.

…ఊఁ.

‘తెప్ప మీదెల్లిన రాముడు సచ్చిపోనాడని ఊరంతా అనుకుంటే, ఆడు రెండేళ్లకి నౌపడ టేషన్లో రైలు దిగేడు. ఆళ్లమ్మ బుల్లమ్మ ఎదురెల్లి సెయ్యట్టుకుని ఇంటికి తెచ్చుకుంది’ — అలాగే సెప్పేవా, ఆ మాటలతోటే.

ఆ నవల సదివినోళ్లు నవ్వేరా.

…జగన్నాధం మాస్టారు నవ్వనేదు. ఊఁ. ఆయన తన దగ్గరున్న అదే నవల తీసేరు. సివరి పేజీ సదివేరు. అందరి ముందరా.

…

పిన్నీ.

పిన్నీ, ఉన్నావా?

— నేనూ ఉన్నాను. ఎక్కడికీ పోను. అడుగు.

…నిజమే. పుస్తకంలో రాముడు రాడు. రైలూ నేదు, నౌపడా నేదు. అదంతా నేనే కల్పించేను.

ఎందుకంటే… ఏటి సెప్పమంటావు. ఆవేళ సివరి అధ్యాయం మొదలెట్టినప్పుడు నువ్వు ఊఁ కొడతన్నావు. తెప్ప ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చిందని సదివేను. నీ ఊఁ ఆగిపోనాది. కత్తి సప్పుడూ ఆగిపోనాది. నీ ఊపిరొక్కటే ఇనబడతంది. మీ వినోద్ నా కళ్లముందు నిలబడిపోనాడు పిన్నీ. మీ ఊళ్లో నేను కొత్తగా పంతులమ్మనై వచ్చినప్పుడు మూడో తరగతి సదివీవోడు, పలక మీద తెప్పలే గీసీవోడు. నీ కొడుకు సముద్రంలోకి సేపల యేటకెల్లి మూడేళ్లయిపోనాది. కూడా ఎల్లిన ఇద్దరూ శవాలై ఒడ్డుకి దొరికేరు, ఆడు దొరకనేదు. ఆ తల్లికి ఈ పేజీ ఎలాగ సదివీది? పుస్తకం మూసీసేను. నోటికొచ్చింది సెప్పీసేను.

— ఔను. మోసమే. కథే కదా, ఏటయిపోతాది అనుకున్నాను. నలుగురిలో నిన్ను నవ్వులపాలు సేసేను. వచ్చే నెల నేనే నౌపడొచ్చి, అందరి ముందరా నిలబడి, తప్పు నాదని ఒప్పుకుంటాను. సరేనా?

…నవ్విన సంగతి కాదా. మరేటి?

ధనలక్ష్మి సంగతా? నీ కోడలికేటయింది?

…ఆగు, ఆగు. నాకు అర్థం కానేదు. కార్తీకంలో నువ్వే కదా అన్నావు. సముద్రం ఒడ్డున వినోద్‌కి దినం పెట్టీసి, కోడల్ని గోపాల్‌పూర్ త్రినాథ్‌కి మారుమనువు ఇచ్చీస్తానని. పాతికేళ్ల పిల్ల ఎన్నాళ్లు దారి సూస్తాదని నువ్వే అన్నావు. ఆ మాటకి నేను ఎంత సంతోషపడ్డానో నీకు తెల్సు.

ఆపీసేవా.

ఎప్పుడు?

…నేను సివరి అధ్యాయం సదివిన మర్నాడు.

ఓలమ్మా.

…‘ఎక్కడో జరక్కపోతే పుస్తకంలో ఎందుకు రాస్తారు’ అనుకున్నావా. మన టేషను పేరుతో సహా రాసేరని. దినం వద్దన్నావు. పిల్ల మెళ్లో పుస్తె తియ్యనీనేదు. మా వోడొస్తాడు, మీ దారి మీరు సూసుకోండని త్రినాథ్ వాళ్లకి కబురెట్టీసేవు.

నెలన్నర నుంచి, రోజూ సాయంత్రం, టేషనుకెల్లి రైలు సూసొస్తన్నావా. ఈవేళ కూడా మీటింగు అవ్వగానే టేషనుకే ఎల్లి, అక్కణ్నించి నడిచొచ్చేవా.

నాతో ఒక్క మాట అనకూడదా పిన్నీ?

…‘అంటే నువ్వు రాడంటావేమోనని భయమేసింది.’ ఊఁ.

నేనేటి సేసేను, ఏటి సేసేను నీకు.

…

ఇప్పుడా? ఇప్పుడు సదవమంటావా? మాస్టారు సదివీసేరు కదా, మళ్లీ ఎందుకు…

…నా గొంతుతో ఇనాలి. నా గొంతుతో ఇన్నదే నువ్వు నమ్మేవు గాబట్టి.

సరే. ఉండు, పుస్తకం ఇక్కడే ఉంది. కళ్లజోడు… ఆ. ఉన్నదున్నట్టు సదువుతన్నాను. ‘ఆ పూట బుల్లమ్మ చేపల పులుసు పెట్టింది. రాముడి కంచం తీసి కడిగింది. తలకాయ ముక్క ఎప్పుడూ వాడికే వేసేది. ఆ ముక్క వేసుకుని, వాడి కంచంలోనే, తను తినడం మొదలుపెట్టింది. ముల్లు ఒక్కటీ గుచ్చుకోలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తింది.’

…అంతే. అయిపోనాది.

నేదు, ఇంకేటీ నేదు. ఒట్టు. ఇంకెప్పుడూ పుస్తకంలో నేని ముక్క నీకు సదవను. అబద్ధమన్నది నీకు సెప్పను.

…

ఏడు పిన్నీ. నువ్వు ఏడిస్తే నేను ఇంటాను. ఫోను పెట్టీయను.

…

…ఊఁ. వచ్చే పున్నమికి దినం పెట్టీస్తావా. త్రినాథ్ వాళ్లకి ఈవేళే కబురంపుతావా. మంచిది పిన్నీ. ఇప్పటికీ మించిపోనేదు. నేనూ వస్తాను, సెలవెట్టుకుని వస్తాను…

ధనలక్ష్మికి ఇస్తావా? ఇయ్యి. దానికీ నేనే సెప్పుకోవాలి.

హలో… ధనలక్ష్మీ, నేనమ్మా, తులసి టీచర్ని. అక్కడే ఉన్నావు కదా, అంతా ఇన్నావా? తల్లీ, నీ బతుకులో నేను సెయ్యి పెట్టీసేను. తెలిసి సెయ్యనేదు, కానీ సేసేను…

— ఏటీ? ఇనబడటం నేదు. కాసింత గట్టిగా సెప్పు.

గట్టిగా సెప్పనేవా. పెరట్లోకి ఎల్తావా. ఎల్లు.

…ఆ. ఇప్పుడు సెప్పు.

…

ఎప్పుడు? మొన్న గురువారమా?

ఎవలు సెప్పేరు?

…త్రినాథే ఫోన్ సేసేడా. మీ అత్త కబురొచ్చేక వాళ్లమ్మ ఇంక ఆగనంది. బరంపురం పిల్ల. గుళ్లో పుస్తె కట్టీసేడు.

మరి నువ్వేటన్నావు ఆడితో?

…‘మంచిది’ అన్నావా. అంతేనా.

తిట్టవే నన్ను. ఇంత నెమ్మదిగా మాటాడకు, నేను పడనేను. నోటికొచ్చినట్టు తిట్టు.

…

— ఏటి సెప్పొద్దు?

అత్తకి సెప్పొద్దంటావా.

…తెల్సు. తనవల్లే నీ మనువు తప్పిపోనాదని తెలిస్తే ఆవిడ తట్టుకోనేదు. కొడుకు పోయిన సంగతి ఈవేళే కదా నమ్మింది. తెల్సమ్మా. అయితే నన్నేటి సెయ్యమంటావు?

…త్రినాథ్ వాళ్లు ఆలోసించుకుని సెప్తామన్నారని సెప్పాలా. ఆ తరవాత నెమ్మదిగా, జాతకాలు కుదరనేదని సెప్పాలా.

…నేను సెప్తే నమ్ముతాది. ఔను, నమ్ముతాది. అదే కదా నాకు భయం.

ధనలక్ష్మీ, ఇంకేదయినా అడుగు. ఇప్పుడే ఒట్టేసి—

హలో? ధనలక్ష్మీ?

…ఆ. నువ్వా పిన్నీ. ఫోను లాగీసుకున్నావేటి.

— ఏటందా? …ఏటి… మనువు మాట సెప్తే ఒప్పుకుందా, సంతోషపడిందా అంటావా.

…

నేదు, లైను బాగానే ఉన్నాది. నీ మాట నాకు ఇనబడతంది.

పిన్నీ… అది నీ పక్కనే ఉంది కదా. దాని ముఖం సూడు. సూసేవా?

…దాన్నే అడుగు.

— దాయటం కాదు పిన్నీ. ఇది దాని బతుకు. దాని సంగతి దాని నోటంటే ఇను. నేను సదివి ఇనిపించీది కాదిది.

…కోప్పడకు. ముందు దాన్ని కూకోబెట్టు. నువ్వూ కూకో. దాని సెయ్యి వదలకుండా అడుగు.

…

అడిగేవా.

…

…ఇనబడతంది. ఇద్దరి ఏడుపూ ఇనబడతంది నాకు. నేను ఫోను పెట్టీస్తన్నాను పిన్నీ.