గాసి రాయి కాడ జపాను రేడియో

నీకేటి మావా, సచ్చిపోయి హాయిగా తొంగున్నావు. ఊరోలందరూ నా మీద పడతన్నారు.

తెల్లారకుండానే మసానంలోంచి ఇశాపట్నం రేడియో వరినాట్ల గురించి సెప్తా ఉంటే ఇటేపు ఎవులొస్తారు? ఆవులు కాసే సోంబరు ఆటిని ఈ దారి తోలడమే మానీసినాడు. నీకు వరిమడైనా లేదు గదా.

నిన్న దిశారి వొచ్చినాడు. నీ సావు పూజ సేసినోడు, ఆడి మాట తీసీలేను. పోయినోడికి ఇష్టమైనవి ఆడి పేరున పాతిన రాయి కాడ పెట్టడం మన ఆచారమేనట. గొడ్డలి పెట్టినాం, ఆనపకాయ బుర్ర పెట్టినాం, అవి నోరు మూసుకుని ఉన్నాయట. 'ఈ రేడియో మాటాడినంతకాలం గాసి పెద్దల్లో కలవడు, ఇంటేపే సూస్తాడు. నువ్వే ఎళ్లి కట్టీసి రా' అన్నాడు.

కట్టీడానికే వొచ్చినాను. తొందరపడకు.

అసలిదంతా ఆ జపాను దొర వల్ల. ఇనపరాయి ఆల దేశానికి పంపే రైలుదారి సూడ్డానికొచ్చినోడు రాయి సంగతి సూసుకోవాలి గదా. ఎళ్లిపోతా ఎళ్లిపోతా దీన్ని నీ సేతిలో ఎందుకు పెట్టాలి? పైగా ఆ కథొకటి.

ముందర రేడియో అంటే పెట్టెంత ఉండేదట. దాన్ని జేబులో పట్టించాలనీసి ఆలు పట్టుబట్టినారట. లోపలికి గోరంత ముక్క సెయ్యాల. సేసినవాట్లో శానామట్టుకు పనికిరాకుండా పోయేవట. పనికొచ్చేవి పిడికెడు, పారబోసేవి గంపెడు. అయినా మానలేదట. దొర సెల్లెలు ఆ కార్ఖానాలోనే ఊపిరి బిగబట్టి ఎంటికంత తీగలు అతికేదట.

సంతలో సెప్పినావు, పెళ్లిళ్లలో సెప్పినావు, మన కూతురు కనక మొగుడికి సెప్పీ సెప్పీ ఆడు మనింటికి రావడమే తగ్గించీసినాడు. 'ఆ గుంట సేతులు ఎంత నేర్పరివో సోములూ' అనేవోడివి. నువ్వు సూడని గుంట, సూడని సేతులు.

ఆ రైలు సొరంగంలో రాళ్లు మోసింది నాను గదా మావా. చోడంబలి పోసినప్పుడల్లా ఈ సేతులు నీ ముందరే ఉండేవి. ఒక్కనాడు సూసినావా?

ఏటి, సూసినావా? మరి సెప్పకపోతే నాకెలా తెలుస్తాది?

సర్లే. నిన్ను పూడ్చిననాడు దీన్ని పాడించింది నానే. ఎవులో పిల్లగుంటలు తిప్పీసినారని ఊరోలు అనుకుంటన్నారు, నాను కాదన్లేదు. ఇది లేకపోతే నీకు నిద్దర పట్టదని తిప్పినాను. ఇప్పుడు ఇది లేకపోతే నాకూ పట్టదు. పొద్దుగూకితే గాలి మనింటేపు తిరుగుతాది గదా, నువ్వు అరుగు మీద కూకుని వింటన్నట్టే ఉంటాది. నిన్నటినుంచి దీని గొంతు సన్నబడిపోయింది. ఇంట్లో ఏటీ వినబడలేదు. నాకు బయమేసింది మావా.

ఇదిగో, సంతలో దీన్లో ఏసే కొత్త సెల్లులు కొన్నాను. మూత ఇలాగే గదా తీసేది. ఉండు, పాతవి జిగురెక్కీసినాయి.

ఆఁ, పలికింది.

లోపల తీగ ఆ గుంటే అతికుంటాది, కాదన్ను. సెల్లులు పెట్టింది మటుకు ఈ సేతులే. గుర్తెట్టుకో.

దిశారికి ఏటో ఒకటి సెప్పుకుంటాను. పెద్దలు ఎక్కడికీ పోరు గదా. నానూ నీ పక్కకి వొచ్చినదాకా నువ్విది వింటా కూకో.