కుర్చీలో కవర్లు, నిలబడి మేడమ్

1989 జూన్ పన్నెండో తేదీ, సోమవారం నాడు, మా నర్సుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో మేడమ్ గుమాస్తాగా చేరారు. అప్పటికే నేనక్కడ అటెండరుని. కవర్లకు జిగురు పూసి పోస్టులో వేయడం నా పని.

నర్సుగా పనిచేయాలంటే గడువు తీరేలోగా రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆ దరఖాస్తును మా ఆఫీసే, వాళ్ళిచ్చిన చిరునామాకు పంపేది. ఇల్లు మారినవాళ్ళ కవర్లు గోడక్కొట్టిన బంతిలా తిరిగొచ్చేవి. అంతకుముందు వాటిని బీరువాలో పడేసేవాళ్ళం. మేడమ్ తన కుర్చీలో పెట్టుకునేవారు. ఆ కవరు తాలూకు మనిషి దొరికేదాకా నిలబడే పనిచేసేవారు. "కూర్చుంటే మరిచిపోతాను బాబాయ్" అనేవారు.

వారు సీనియర్ గుమాస్తా అయిన ఏడాది, ఒక నెలాఖరున, కుర్చీలో ఒక్క కవరు మిగిలింది. మర్నాటితో గడువు సరి. అది దాటితే ఆ నర్సును డ్యూటీలోకి రానివ్వరు.

"పంపాం కదమ్మా, మన బాధ్యత తీరింది" అన్నారు సూపరింటెండెంటు గారు.

"పంపాం సార్. అందలేదు" అని, మేడమ్ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

పాత ఇంటి పక్కావిడ తలుపు సగమే తీసింది. "అత్తతో పడక వేరు కాపురం పెట్టింది. ఎక్కడో నాకు చెబుతుందా? చెబితే వీధంతా చాటుతానని భయం."

"చాటుతారా?" అన్నాను.

"చాటనూ మరి?"

మేడమ్ నవ్వలేదు. "డ్యూటీ బట్టలు ఎక్కడ కుట్టించుకునేదండీ?" అని అడిగారు.

వీధి చివర దర్జీ దగ్గర ఆమె తెల్లబట్టల జత సిద్ధంగా ఉంది. సాయంత్రం వస్తుందన్నాడు. ఇద్దరం అక్కడే కాచుకున్నాం. ఆ నర్సు వచ్చింది. మా ఆఫీసు పేరు వినగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నా రిజిస్ట్రేషన్ తీసేశారా అండీ?"

"తీసేసేవాళ్ళు ఇంతదూరం నడిచొస్తారా తల్లీ? ముందు సంతకం పెట్టు" అన్నారు మేడమ్.

కలం కోసం వెతుకుతుంటే దర్జీ సుద్దముక్క అందించాడు. "చెరిగిపోతే మళ్ళీ మీరే నడిచి రావాలి, ఆలోచించుకోండి" అన్నాడు. చివరికి నా జేబులోని కలంతో, బట్టలు కత్తిరించే బల్ల మీదే దరఖాస్తు పూర్తయింది. కొత్త చిరునామా కూడా అక్కడే రాయించారు. మర్నాడు పొద్దున్నే రెన్యువల్ అయింది. ఆమె డ్యూటీ ఒక్కపూటైనా ఆగలేదు.

తరువాత మేడమే సూపరింటెండెంటు అయ్యారు. దరఖాస్తులు చాలా ముందుగా పంపించారు. చిరునామా మార్పు కాగితం ప్రతిదానికీ జత చేయించారు. కుర్చీలో కవర్లు పెట్టుకునే అలవాటు సెక్షనంతటికీ అంటుకుంది.

రిటైరయ్యాక, మొన్న మేడమ్ మా ఇంటికొచ్చి, ఇకపై చెల్లెలి దగ్గర ఉంటానన్నారు.

"కొత్త అడ్రసు ఆఫీసులో ఇచ్చారామ్మా?"

నాలుక కరుచుకున్నారు. "లేదు బాబాయ్."

"మరి మీ పింఛను కాగితం తిరిగొస్తే ఎవరు నిలబడాలి?"

అక్కడికక్కడే రాసిచ్చారు. నేనే పట్టుకెళ్ళి సెక్షన్లో అప్పగించి వచ్చాను. మేడమ్, ఇక మీ కుర్చీలో కవర్లేమీ లేవు. ఆరోగ్యంగా, హాయిగా, నిండు నూరేళ్ళూ కూర్చోండి.