పదమూడో పోగు

స్వీడన్ ఉత్తరాన ఒక చిన్న ఆసుపత్రి గది. ముసలి రైతు అల్గొత్, పక్కన భార్య గున్వోర్, ఎదురుగా డాక్టర్ హెద్విగ్. తన ఆయువు ఎంతో తేలే రోజని అల్గొత్ శుభ్రంగా గడ్డం గీసుకుని వచ్చాడు.

“ముక్క పోయిందంటే, ఎక్కడికి పోయింది డాక్టరమ్మా?”

“ఎక్కడికీ పోలేదు అల్గొత్ గారూ. కణంలో జన్యువులన్నీ క్రోమోజోములనే పోగుల మీద ఉంటాయి. కణం రెండయ్యేటప్పుడు పదమూడో పోగులో కొంచెం తెగి రాలిపోయింది. అంతే.”

“అంతే అంటారేమిటి? రక్త క్యాన్సరని మీరేగా చెప్పారు.”

“అదీ నిజమే. కణాన్ని చావనివ్వని సరుకొకటి ఉంటుంది. దాని ముకుతాడు ఆ ముక్కలో ఉండేది. ముకుతాడు తెగింది. ఇక కాలం తీరిన తెల్లకణాలు కదలకుండా రక్తంలోనే తిష్ఠ వేశాయి.”

“కాఫీకొచ్చి రాత్రి భోజనం దాకా లేవని మా బావమరిదిలాగా.”

“మా తమ్ముణ్ణి ఇందులోకి లాగకు.”

“లాగన్లే గున్వోర్. నేనెన్నాళ్ళుంటానో చెప్పండి డాక్టరమ్మా.”

“పదిహేడో పోగులో ముక్క పోయుంటే నేనూ భయపడేదాన్ని. కణానికి కాపలావాడు అక్కడుంటాడు. మీది నిక్షేపంగా ఉంది. పదమూడోది ఒక్కటే తెగితే జబ్బు మెతక రకం. చాలామంది దీన్ని మోస్తూనే బతికి, చివరికి ఇంకేదో కారణాన పోతారు. ఇప్పుడు మందు కూడా వద్దు. అప్పుడప్పుడు వచ్చి పరీక్ష చేయించుకోండి.”

“మందు వద్దా?”

“వద్దు.”

“అంటే, చావనా?”

“ఇప్పట్లో దీంతో అయితే చావరు. ఏమిటా మొహం? సంతోషంగా లేదా?”

“ఉంది. ఉంది గానీ... కొట్టం ఖాళీ చేశాను.”

“ఏ కొట్టం?”

“నాదే. చచ్చేవాడు తన చెత్త తనే తీసి చావాలి గదా, అదే గదా మర్యాద. పడవ, పాత ట్రాక్టరు ఇంజన్లు, వలలు, అన్నీ పక్కింటి హిల్డింగుకి ఇచ్చేశాను. ఊరి దుప్పివేట జట్టులో నా చోటు కూడా వాడికే.”

“తిరిగి అడగండి.”

“ఎట్లా అడగను? చేతులు పట్టుకుని ఏడ్చి మరీ ఇచ్చాను. వాడూ ఏడ్చాడు. ఇప్పుడు పోయి, చావట్లేదురా, ఇంజన్లు ఇటియ్యి అనాలా? నువ్వయినా చెప్పు గున్వోర్... అవునూ, నీకేం ఆశ్చర్యంగా లేదేం?”

“ఆశ్చర్యానికేముంది.”

“గున్వోర్.”

“నీ పరీక్షల ఫలితాలు ఫోన్లోకి వస్తాయి గదా. నువ్వెటూ తెరవవు, నేనే తెరుస్తాను. నర్సుకి ఫోన్ చేసి అర్థం కూడా చెప్పించుకున్నాను.”

“ఎప్పుడు?”

“కాస్త ముందే.”

“కాస్తంటే?”

“నువ్వు కొట్టం తలుపు తీయకముందు.”

“తెలిసి ఊరుకున్నావా? నేను రోజూ చస్తూ బతుకుతుంటే?”

“ఊరుకుందామని కాదు, ఒట్టు. ఆవులపాకలో కూచుని సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చాను అల్గొత్. నీకు చెబుదామని పరుగెత్తుకొచ్చాను.”

“మరి చెప్పలేదేం?”

“ముప్ఫై ఏళ్ళుగా శుభ్రం చెయ్యమని పోరుతున్న ఆ కొట్టం ముందు, చీపురు పట్టుకుని నిలబడి ఉన్నావు.”