గీకినోళ్ళదే నాలిక

ఏందే ఫెబా ఆ సంచిలో? తలకాయా? ఏదీ, ఇట్టా తీసుకురా చూద్దాం. పొట్టేలుదే. మంచిగానే ఉంది. మరి అట్టా కొంగు కింద దాచుకుంటా వస్తావేందే, దొంగతనం చేసినట్టు? మటన్ కిలో ఎంతని అడగబోతే కొట్టువాడు మన మొహం కూడా చూట్టంలా ఈమధ్య. కొత్త కాపురం, గుంటూర్లో ఇంటద్దె, మీ ఆయనదేమో ప్రైవేటు ఉద్యోగం. తలకాయ తెచ్చుకోవటమే తెలివైన పని. ఎట్టా వండాలో చెప్పమని వచ్చావు, అంతేగా. మీ చిన్న నాయనమ్మ బతికుంటే ఈపాటికి నీ చేతిలోంచి లాక్కుని స్టవ్ ఎక్కించేది. నాకు వండటం సగమే తెలుసు. గీకటం మాత్రం పూర్తిగా తెలుసు. ఆ పీట వేసుకుని కూర్చో. చాకు గూట్లో ఉంది. పసుపు కూడా తెచ్చుకో. కొట్లో గ్యాసు మంటతో కాల్చిచ్చారు కదూ? అదే అనుకున్నా. చూడు మరి, చెవుల్లో బొచ్చు అట్టాగే ఉంది, ఆ పెదాల కింద చూడు. దీనమ్మ చూసిందంటే ఈ తలకాయనీ నిన్నూ కలిపి కొట్టుకి తిరగ్గొట్టేది.

దీనమ్మ ఎవరంటావేందే? మీ నాయనమ్మ వాళ్ళమ్మ తల్లీ. నాకు పిల్లనిచ్చిన అత్త. నువ్వు పుట్టకముందే పోయిందిలే. మీ తాత ప్రేమ్‌చంద్ మాష్టారు ఆవిడకి పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయనకి బడి, నాకు బస్సు. కండక్టరు అంటే ఆయనకి కొంచెం చిన్నచూపే, పోయినాయన్ని ఇప్పుడేం అంటాంలే. గీకు, గీకుతా విను. దర్శి అవతల పల్లె మా అత్తది. పేరుకి దీనమ్మ గాని ఆవిడ దీనంగా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు. మా మావ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే పోయాడంట. మిరపకాయ కోతలకీ పత్తి తీతకీ పోయి ఇద్దరాడపిల్లల్నీ పెంచింది. పెళ్ళిళ్ళు కూడా ఒకేరోజు చేసేసింది, ఒకే పందిరి, ఒకే పాస్టరుగారు, ఒకే వంట, ఖర్చు కలిసొచ్చిద్దని. అందుకే మీ తాతా నేనూ ఒకేరోజు అల్లుళ్ళమయ్యాం. అయినా ఆయనే పెద్దల్లుడు, పీట ఆయనకే ముందు.

ఇప్పుడూ, కండ కూర ఆ ఇంటి గడప తొక్కటం నేను చూళ్ళా. తలకాయ, కాళ్ళు, బోటీ, అప్పుడప్పుడూ ఎముకలు. అంతే. దర్శిలో బుడాన్ సాయిబని ఒకాయన కొట్టుండేది. ఆయన ఎగతాళి చేసేవాడు, ఏం దీనమ్మా, ఒక్కసారన్నా తొడ కొట్టమంటావా అని. ఈవిడేమో, తొడ మెత్తగా ఉడికించటానికి ఆడదెందుకు, నీళ్ళుంటే చాలు, ఆ కాళ్ళు ఇటు పడెయ్ అనేది. నిజమేనే. బోటీ ఆవిడ కడిగితే సున్నం నీళ్ళల్లో, పసుపులో పిసికి పిసికి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉతికిన గుడ్డలాగా ఉండేది. దాంట్లో గోంగూర. ఎముకలయితే దోసకాయతో. చింతచిగురు కాలంలో కాళ్ళల్లో చింతచిగురు. పావలా పెట్టి తెచ్చిన సరుకుని నాలుగు పూటలు చేసేది. నల్ల కూడా వండేదంట, అదే, నెత్తురు. పాస్టరుగారు అది తినకూడదని వాక్యంలో చెప్పాక మానేసింది. మానేసింది గాని చాలాకాలం సణిగింది, ఊరికే వచ్చేది కదయ్యా అని.

ఏం చెప్తున్నా? ఆఁ, నాలిక. తలకాయ తెస్తే కళ్ళూ దవడలూ పిల్లలకి, మెదడు వేరే వేయించి ఇంట్లో ఎవరికి నలతగా ఉంటే వాళ్ళకి, పులుసు అందరికీ. నాలిక మాత్రం ఆవిడది. ఒక్క ముక్క ఎవరికీ పెట్టదు. ఆఁ, తన కూతుళ్ళకి కూడా. నాకు మొదట్లో అర్థం కాలా. లోకంలో ఏ తల్లయినా పిల్లలకి పెట్టి తను పులుసు నాక్కుంటది గదా, మా అమ్మ అట్టాగే చేసేది. ఈవిడేమో అందరికీ వడ్డించి, కంచం పెట్టుకుని, ఆ నాలికని నిలువునా కోసి, ఉప్పుకల్లు అద్దుకుని, గోడకి ఆనుకుని నెమ్మదిగా తినేది. అడిగితే ఒకటే మాట. గీకినోళ్ళదే నాలిక.

పెళ్ళయ్యాక మొదటి ఈస్టరుకి అల్లుళ్ళిద్దర్నీ పిలిచింది. కొత్తల్లుళ్ళు కదా, నాటుకోడన్నా కోసిద్దనుకున్నాం. తలకాయ కూర. నాకు నవ్వొచ్చింది, మా ఆవిడ మోచేత్తో పొడిచింది. మీ తాత పాపం, తెల్ల చొక్కా మీద మరక పడకుండా తువ్వాలేసుకుని తింటానే ఉన్నాడు. తింటా తింటా, నాలికేదీ అత్తయ్యా అన్నాడు. వాళ్ళది ఆడదిక్కు లేని ఇల్లు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రీ కొడుకులే వండుకునేవాళ్ళు, వాళ్ళింట్లో నాలిక పెద్దమగాడికి. ఆయన కొత్త కాపురంలో పెద్దమగాడు తనే గదా, అట్టా లెక్కేసుకున్నాడు. మా అత్త, అది నాది మాష్టారూ అంది. ఆయన హాస్యమనుకుని నవ్వాడు. ఈవిడ కూర్చుని, నాలిక కంచంలో వేసుకుని, తినటం మొదలెట్టింది.

లేచాడు. సగం అన్నం కంచంలో ఉండగా లేచి చెయ్యి కడిగాడు. అల్లుడు అలిగాడంటే మామూలుగా ఒక వాచీయో సైకిలో పెట్టి చల్లారుస్తారు. ఇదేం అలకే, మేకనాలిక కోసం? పొట్టేలే, సరే, పొట్టేలునాలిక కోసం. మీ నాయనమ్మకి అప్పుడు మూడో నెల. ఆవిడ చెయ్యి పట్టుకుని బస్సుకి తీసుకుపోతా, మీ అమ్మ పిలిచి ఆ నాలిక నా కంచంలో వేసేదాకా నేనూ రాను, నువ్వూ రావు అన్నాడు. పురుడుక్కూడా పంపనని. తొలిచూలు. అత్తలేని ఇల్లని చెప్పా గదా, ఆ పిల్లకి వేణ్ణీళ్ళు పోసే దిక్కులేదు అక్కడ. మీ నాయనమ్మ బస్సెక్కేదాకా వెనక్కి చూస్తానే ఉంది. నాకు ఆ చూపు గుర్తే. ఆ బస్సు నా డిపోదే మరి.

ఇంక చూసుకో. పల్లెలో రోజుకొకళ్ళు రావటం, మా అత్తకి చెప్పటం. ఒక్క నాలిక ముక్క ఇస్తే పోలా దీనమ్మా, కూతురు కాపురం గదా అని. సంఘపెద్దలొచ్చారు. బుడాన్ సాయిబు అయితే, ఆ నాలికేదో నేనే ఊరికే ఇస్తా, అల్లుడికి పంపించు తల్లీ అన్నాడు. అల్లుడి అలక తీర్చలేని రాతిగుండె అని వెనకాల తిట్టినోళ్ళున్నారు. రాతిగుండె ఏం కాదు, మిరపకాయల తొడిమలు తీసొచ్చి మంటపుట్టే చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చుని, పిల్లకి అయిదో నెలొచ్చింది, ఆరో నెలొచ్చింది అని మా ఆవిడ దగ్గర అంటానే ఉండేది. నెలలు లెక్కపెట్టిద్ది, నాలిక మాత్రం ఇవ్వదు. నాకు అంతుపట్టేది కాదు. ఒకసారి ఉండబట్టలేక, ఏందత్తా అంత పంతం అన్నా. పంతం కాదు చిన్నల్లుడా అంది. తర్వాతెప్పుడో మా ఆవిడ చెప్పింది. మా అత్త వాళ్ళమ్మ పెద్దరైతుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ కొలుపులకీ పోయి తలకాయలు కాల్చి గీకేదంట, రోజంతా. గీకినందుకు బోటీ పెట్టి పంపేవాళ్ళు. ఇంటికి ఎప్పుడన్నా ఒక తలకాయ వస్తే, అదీ ఆవిడే గీకాలి, నాలిక మాత్రం మగాళ్ళకి. మా అమ్మ ఎన్ని తలలు గీకిందో దేవుడికెరుక, నాలిక రుచి తెలీకుండానే పోయిందే అనేదంట మా అత్త, మా ఆవిడతో. అదీ సంగతి. అది అల్లుడికి ఎట్టా చెప్పిద్ది? చెప్పినా ఆయన వింటాడా అప్పుడు?

చెవి వెనకాల గీకు, అక్కడే ఉండిద్ది మురికంతా. ఆఁ, అట్టా. చివరికి రాయబారం నాకే పడింది. కండక్టర్ని కదా, ఎటూ ఆ రూట్లో పోతా. మా అత్త నాతో చెప్పి పంపిన మాట ఇదీ. మాష్టార్ని నాలిక తినొద్దని నేనలా, రమ్మను, వచ్చి గీకమను, గీకితే నాలిక ఆయనదే. నేను పోయి చెప్పా. మీ తాత స్కూలు మెట్ల మీద నిలబడి నావైపు చూసిన చూపుకి, టిక్కెట్టు లేకుండా దొరికినోడిలాగా అయిపోయా. నేను, మాష్టార్ని, పల్లె వీధిలో కూర్చుని తలకాయ గీకాలా అన్నాడు. డ్రైవరు హారను కొడతన్నాడు, వచ్చేశా.

ఎనిమిదో నెల దాటింది. ఒక ఆదివారం, నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం, పొద్దున్నే ఫస్టు బస్సుకి దిగాడు మీ తాత. ఒక్కడే. చేతిలో సంచి. దర్శిలో దిగి బుడాన్ కొట్లో తనే కొనుక్కొచ్చాడు తలకాయ. చొక్కా విప్పి దండెం మీదేసి, ఎక్కడ కాల్చాలి అన్నాడు. మా అత్త వాకిట్లో వేలు చూపించి, మంచం మీద కూర్చుంది. పల్లె పల్లెంతా దడుల వెనకాల చేరింది. బస్సెక్కి ఆయన బడికి పోయే పిల్లలు కూడా. ఇప్పుడు అసలు సంగతి విను. తలకాయ కాల్చేది పత్తికట్టె మీద. సన్నగా, నిలకడగా మండిద్ది. మా అత్త వాకిట్లో రెండు మోపులుండేవి, ఒకటి పత్తికట్టె, ఒకటి మిరపకట్టె. ఎండితే ఆ రెండిటికీ తేడా పొలం పోయేవాళ్ళకి తెలిసిద్ది గాని బడి పంతులుకేం తెలిసిద్ది? చేతికి దగ్గరున్న మోపు లాగి అంటించాడు. దానికింకా తాలు కాయలు వేలాడతన్నాయి. అమ్మ తల్లీ. ఒక్క గాలి వీచింది చూడు. పల్లె మొత్తం దగ్గు. ముసలోళ్ళు దగ్గు, కోళ్ళు తుమ్ములు, చర్చిలో పాట మొదలెట్టినోళ్ళు చరణంలోకి రాలేకపోయారు. పాస్టరుగారు తువ్వాలు ముక్కుకి కట్టుకుని బయటికొచ్చి, ఏందయ్యా ఇది, ఎవరిల్లు తగలబడింది అంటాడు. మా అత్త ముందే చూసింది ఆ మోపు లాగటం. చూసీ చెప్పలేదని నా అనుమానం. ఎన్నిసార్లు అడిగినా, పొగలో ఏం కనపడింది నాయనా అనేది. పొగ రాకముందు సంగతి గదా నేనడిగేది.

కళ్ళు వాచిపోయి, ముక్కు కారతా, ఆయన మాత్రం లేవలా. పత్తికట్టె తెచ్చుకుని మళ్ళీ కాల్చాడు. గీకాడు. మా అత్త కూర్చున్నచోటు నుంచి కదల్లా, చెయ్యి వెయ్యలా, కొమ్ము మొదట్లో అని ఒకసారి, పళ్ళ పక్కన అని ఒకసారి అంది. పొద్దు నడినెత్తికొచ్చింది. వంట ఆవిడ చేసింది. కంచం పెట్టి, నాలిక తీసి, తోలు ఒలిచి, ఆయన కంచంలో వేసింది. మేమందరం ఆయన నోటివంకే చూస్తన్నాం. మొత్తం తిన్నాడు. ఒక్క ముక్క ఎవరికీ పెట్టలా. మా అత్త మొహంలో ఆ సంతోషం చూడాలే నువ్వు. అట్టాగే తినాలి మాష్టారూ అంది. మర్నాడే మీ నాయనమ్మని తీసుకొచ్చి దింపాడు. మీ నాన్న అక్కడే పుట్టాడు, ఆ ఇంట్లోనే, దీనమ్మ చేతుల్లోనే. అప్పట్నించీ ఆ ఇంటికి తలకాయ వస్తే గీకటానికి ఆయనా ఈవిడా పోటీ. హెడ్‌మాష్టరయ్యాక కూడా. ఎవరు ముందు చాకు అందుకుంటే వాళ్ళది. నేనా? నేను ఎప్పుడూ పులుసు పార్టీనే.

ఆవిడ పోయేముందు మంచాన పడింది. గంజి తప్ప ఏదీ పోయేది కాదు, అదీ వద్దనేది. డాక్టరు ఇష్టమైంది పెట్టండి అన్నాడు, ఆ మాటకి అర్థం తెలిసిందే గదా. మీ తాత ఎవరికీ చెప్పకుండా దర్శి పోయాడు. బుడాన్ అప్పటికి లేడు, వాళ్ళబ్బాయి కొట్టులో ఉండేవాడు. తలకాయ తెచ్చి, వాకిట్లో కూర్చుని, పత్తికట్టె మీద కాల్చి, గీకి, నాలిక ఒక్కటీ మెత్తగా ఉడకబెట్టి, పసిపిల్లలకి చేసినట్టు చిదిపి, గిన్నెలో తీసుకొచ్చాడు. చెంచాతో నోటి దగ్గర పెట్టి, అత్తయ్యా, నాలిక అన్నాడు. వాసనకి కళ్ళు తెరిచింది. ఎన్నాళ్ళకో తెరిచింది ఆ కళ్ళు. ఎవరు గీకారు అంది.

నేనైతే, కొట్లో గీకిచ్చారనేవాణ్ణి. నాకిప్పటికీ అదే బాధ. ఒక్క అబద్ధమాడితే తినేదేమో. ఆయనకది చేతకాలా. నేనే గీకా అత్తయ్యా అన్నాడు.

అయితే నువ్వే తిను నాయనా అంది.

బతిమాలాడు. మీ నాయనమ్మ ఏడ్చింది, మా ఆవిడ కాళ్ళు పట్టుకుంది. మూసిన నోరు తెరవలా. చివరికి ఆయన ఆ మంచం పక్కనే కింద కూర్చుని, ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు. మొత్తం తిన్నాడు. ఆవిడ తల ఇటు తిప్పి, ఆయన నవుల్తా ఉంటే ఆ దవడల వంకే చూస్తా ఉంది. అయ్యాక, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

...

ఆ ఫ్యాను కాస్త పెంచమ్మా. ఉక్కగా ఉంది.