మనీలాని కదిలించిన ఆవకాయ సీసా

భరద్వాజ్ నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. ఆ ఆదివారం సాయంత్రం కూడా అంతే. యూ టీ అనే పేటలో వాళ్ళ బ్లాక్ కింద కాఫీ షాపులో, టిష్యూ ప్యాకెట్ పడేసి 'చోప్' అని ముందే పట్టిపెట్టుకున్న బల్ల దగ్గర, పై అంతస్తు సుధాకరరావు అంకుల్‌నీ మహీధర్‌నీ మహీధర్ భార్య సూర్యకుమారినీ కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. బల్ల మధ్యలో ఒక ఆవకాయ సీసా. దానికి కొత్త లేబులు.

ఆ లేబుల్ని చూస్తుంటేనే సూర్యకుమారికి ఒళ్ళు మండిపోతోంది. మామూలు రోజైతే భరద్వాజ్ గారి డప్పు వినీ విననట్టు ఊరుకునేదే. ఇవాళ అలా కుదరదు. ఫిలిప్పీన్స్ జనానికి ఫోన్లలోనే సరుకులు అమ్మిపెట్టే కంపెనీ అట, భరద్వాజ్ పెడతాడట, అందులో చేరడానికి మహీధర్ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా మెయిల్ రాసి ఫోన్లో పెట్టుకున్నాడు. రేపు పొద్దున్న పంపడమే తరువాయి. ఇంటిల్లిపాదీ ఈ దేశంలో ఉండటానికిచ్చిన పాసులూ, కూతురు మహతి బడీ, అన్నీ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి. అది కాస్తా పోతే పెట్టెలు సర్దుకోవడమే. రాత్రంతా చెప్పి చూసింది. వింటేగా!

"మొదట్లో నాదీ చిన్న పనే బావగారూ, గొప్పలు చెప్పుకోను," అన్నాడు భరద్వాజ్, గొప్పలు తప్ప ఇంకేమీ చెప్పుకోని మనిషి. "మా ఆఫీసులో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయికి ఈ ఆవకాయ కాస్త రుచి చూపించాను. వాళ్ళు పచ్చిమామిడి ముక్క రొయ్యల ముద్దలో అద్దుకుని తినే జనం కదా, ప్రాణం లేచొచ్చింది. అప్పుడు తట్టింది నాకు. వాళ్ళ దగ్గర ఒక పద్ధతుందండీ. ఫోన్లో లైవ్ పెట్టి సరుకు ఎత్తి చూపిస్తామా, ముందుగా 'మైన్', అంటే నాదీ అని, ఎవరు కామెంటు కొడితే వాళ్ళదే ఆ సరుకు. సరే అని ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే సీసా ఎత్తి పట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తేగా తెలిసేది," అన్నాడు అంకుల్.

"మైన్, మైన్, మైన్! వరద! ఫోను కాలిపోతుంటే ఐస్ వేసిన మైలో డ్రింకు గ్లాసులో ముంచి పట్టుకున్నాను. అవతల మనీలాలో జీపు డ్రైవర్లు నడిరోడ్డు మీద బళ్ళాపేసి కామెంట్లు కొడుతున్నారు. ట్రాఫిక్ పోలీసు వచ్చి తిట్టాలా వద్దా? విజిల్ జేబులో పెట్టుకుని ఆయనా ఒక మైన్ కొట్టాడు. చర్చిలో ఫాదరు గారు ప్రార్థన మధ్యలో ఆపి..."

"ప్రార్థన ఆపి?"

"ఆయనకి రెండు సీసాలంకుల్! ఇంకా వినండి. వాళ్ళకి సెప్టెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. నేనేం చేశాను? ఆగస్టులోనే సీసాకి ఒక కాగితం నక్షత్రం కట్టి చూపించాను. అంతే, దేశం దేశమంతా మర్నాటికి నక్షత్రాలు వేలాడదీసేసింది. పండగనే ముందుకి జరిపిన మార్కెటింగండీ ఇది!"

మహీధర్ కళ్ళు మెరుస్తున్నాయి. చదువుకున్నవాడు, పదిమందికి లెక్కలు నేర్పినవాడు, ఈ కోతలు నోరు తెరుచుకుని వింటున్నాడే అని సూర్యకుమారికి ఏడుపొచ్చింది.

"మరి సరుకు పంపడం?" అడిగాడు మహీధర్.

"ఇక్కడ పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంటికి పెద్ద పెద్ద అట్టపెట్టెలు ఓడలో పంపుకుంటారు కదా, వాటిలో ఎక్కించేశాను. ఓడ ఒక పక్కకి ఒరిగింది బావగారూ! నాలుగు సీసాలు పగిలి నూనె సముద్రంలో కలిసింది. అక్కడి జాలర్లు వల వేస్తే ఆవపెట్టిన చేపలు పడ్డాయి, ఉప్పు కూడా సరిపోయి! ఈలోపు తుఫాను ఒకటి బయల్దేరింది. తీరం దాకా వచ్చి, ఆ వెల్లుల్లి ఘాటుకి ముక్కు మండి, తుమ్ముకుంటూ వెనక్కి తిరిగిపోయింది. వాతావరణ శాఖవాళ్ళు నాకు ఫోన్ చేసి మరీ థాంక్సు చెప్పారు!"

అంకుల్‌కి టీ పొలమారింది. సూర్యకుమారి మాత్రం నవ్వలేదు.

"అన్నయ్యగారూ," అంది, గొంతు వీలైనంత మెత్తగా పెట్టి. "ఫోనుంది, సీసా ఉంది, కుర్చీ కూడా అదే. ఇప్పుడొక లైవ్ పెట్టండి. ఒక్క మైన్ రానివ్వండి, ఈయన రాజీనామా నేనే నా చేత్తో పంపిస్తాను."

"ఇప్పుడా? ఆదివారం చెల్లెమ్మా, అంతా చర్చిలో ఉంటారు."

"చర్చిలోంచే ఫాదరు గారు రెండు సీసాలు కొన్నారన్నారుగా?"

"అదీ... సిగ్నలు సరిగ్గా..."

"తుఫాన్ని తిప్పి పంపిన మనిషికి సిగ్నలొక లెక్కా? దేశం దేశమంతా మీ సీసా కోసం వెర్రెత్తిపోయిందంటున్నారే, వాళ్ళంటే మీకంత లోకువా? మేమంటే ఇంకా లోకువా?"

"పెట్టవోయ్ భరద్వాజ్," అన్నాడు మహీధర్ మెల్లిగా. "నేనూ చూస్తాను."

ఇక తప్పలేదు. ఫోన్ని టీ గ్లాసుకి ఆనించి, సీసా ఎత్తి పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా "హలో మనీలా!" అన్నాడు. బల్ల అవతలనుంచి "హలో మనీలా!" అని మళ్ళీ అదే గొంతు. అందరూ అటు తిరిగారు. సుధాకరరావు అంకుల్ తన ఫోన్లో అదే లైవ్ పెట్టుకుని చూస్తున్నాడు.

తెర మూల చూస్తున్నవాళ్ళ లెక్క ఒకటి. ఆ ఒక్కరూ అంకులే. భరద్వాజ్ చెయ్యి నొప్పి పుట్టి సీసా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. కాసేపటికి ఒకటి రెండైంది. మరుక్షణం కామెంటు పడింది: మైన్.

"వచ్చింది! చూశావా చెల్లెమ్మా, వచ్చింది!" కుర్చీలోంచి ఎగిరి లేచాడు భరద్వాజ్. సూర్యకుమారి మహీధర్ జేబులోని ఫోను వైపు చూసింది. అన్నమాట అన్నదాయె.

అంతలో దాని కిందే ఇంకో కామెంటు పడింది. మహీధర్ వంగి, పైకే చదివాడు. "ఆ సీసా మనింటిదే. అత్తయ్యగారు అన్నానికి కూర్చున్నారు, మూత గట్టిగా పెట్టి పైకి తీసుకురండి."

రెండు కామెంట్లకీ పేరు ఒకటే, నిఖిల. భరద్వాజ్ భార్య.

"ఇది... మార్కెట్ టెస్టింగు బావగారూ," అన్నాడు భరద్వాజ్. అన్నది తనకే వినపడనంత నీరసంగా ఉంది గొంతు. అంకుల్ కళ్ళజోడు తీసి నవ్వలేక నవ్వలేక కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మహీధర్ జేబులోంచి ఫోను తీశాడు. రాత్రి కూర్చుని రాసిన మెయిల్‌ని ఒకసారి చూసుకుని తుడిచేశాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

"పద సూర్యా," అన్నాడు భార్యతో. "పొద్దున్నే ఆఫీసుంది."