జెండాకి వీపు పెట్టినవాడు

కాఫీ వద్దు కెప్టెన్ గారూ. ముందు ఆ కాగితం అవతల పెట్టండి. మావాడు మెట్ల మీంచి జారిపడ్డాడని నేను సంతకం చెయ్యాలా? మెట్ల మీంచి పడితే మోకాలు పగులుద్ది, నడుం విరుగుద్ది. ఒక్క ఎడం చెవిలోంచే రక్తం కారేటట్టు ఎలా పడతారండీ? నాకూ కాస్త నేర్పండి.

అరవట్లేదు. చుంచన్ ఊరి బజార్లో కిమ్చీ పచ్చడి అమ్ముకునేదాన్ని, నా గొంతే ఇంత.

అసలు వాడు ఈ సైన్యం క్యాంపు గేటు తొక్కక్కర్లేదు, తెలుసా మీకు? మా ఆయన కెనడాలో వెల్డింగు పని చేసే రోజుల్లో అక్కడ పుట్టాడు. అందుకని రెండు దేశాలూ వాడివే. పద్దెనిమిదో ఏట, మార్చి నెల దాటకుండా 'నాకు కొరియా వద్దు' అని రాసిచ్చేస్తే, ఇక్కడి మగపిల్లలెవరికీ తప్పని ఈ సైన్యం గొడవే ఉండేది కాదు. అలా రాసిచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

మా తేరిమ్ మాత్రం అలా రాసివ్వనన్నాడు. "తినేది ఇక్కడి అన్నం, కాపలా కాయడానికి ఇంకోడెవడో రావాలామ్మా?" అన్నాడు. నేను పొంగిపోయాను. బజారంతా చెప్పుకున్నాను కూడా. గుండు కొట్టించుకుని, మీ గేటు ముందే నా కాళ్ల దగ్గర సాష్టాంగపడి లోపలికొచ్చాడు. అప్పగించింది మీకే కదా?

మరి మీ సార్జెంట్ ప్యో ఏం చేశాడు? వచ్చిన కొత్తలోనే అందరి ముందూ నిలబెట్టి, ఉత్తర కొరియా వాళ్లు మీద పడితే ఏ పాస్‌పోర్టు పట్టుకుని పారిపోతావురా కెనడా అని అడిగాడట. పారిపోనన్నాడు మావాడు. ఆ జవాబు నచ్చలేదు ఆయనకి. అరచెయ్యి దొప్పలా చేసి చెవి మీద కొట్టాడు. ఆ దెబ్బతో సరి, ఆ చెవి పోయింది. మీ వైద్యుడు నొప్పి బిళ్లలిచ్చి పంపించాడు.

జెండా సంగతి చెప్పమంటారా? చెప్తాను, దానికే వస్తున్నా.

సాయంత్రం బూర ఊదితే ఎక్కడివాడక్కడ ఆగి, జెండా దిగేదాకా సెల్యూట్ కొట్టాలి. ఆ మాత్రం నాకూ తెలుసు. ఆ రోజు మంచు ఎత్తుతున్నారు. అందరూ పారలు వదిలేసి నిలబడ్డారు. మావాడొక్కడే జెండాకి వీపు పెట్టి మంచు తోస్తూనే ఉన్నాడు. ఒక చెవి మీవాళ్లు పగలగొట్టారు, రెండోది చలిటోపీలో ఉంది, పైగా హోరుగాలి. ఎలా వినపడుద్దండీ?

వెనకనుంచి నడుం మీద తన్నాడు ప్యో. జుట్టు లేదు పట్టుకోవడానికి, కాలరు పట్టుకుని బాయిలర్ గది వెనక్కి ఈడ్చుకెళ్లాడు. బూటుతో వేళ్లు తొక్కిపట్టి జాతీయగీతం పాడమన్నాడు. పాడాడు. రక్తం ఉమ్ముకుంటూ మొత్తం పాడాడు. ఇప్పుడు మీ దేశానిది పాడరా అన్నాడట. వాడికది రాదండీ. పాలు తాగే వయసులో వచ్చేశాడు అక్కణ్ణుంచి. రాదంటే నమ్మలేదు, మూతి మీద తన్నాడు. ముందరి పళ్లు అక్కడే మంచులో ఉంటాయి. మంచు కరిగాక వెతికించండి.

అప్పుడు మావాడి చేతికి పార తగిలింది. ఇనపది. తర్వాతది మీరే రాసుకున్నారు.

ఆ రెండో దేశం ఎంబసీ వాళ్లకీ ఫోన్ చేశాను. అబ్బాయి ఒంటి మీద ఎవరి యూనిఫారం ఉందని అడిగారు. కొరియాదన్నాను. అయితే మేం కల్పించుకోలేమమ్మా అని మర్యాదగానే పెట్టేశారు. ఇక్కడ మీరు చూడబోతే, తన్నేటప్పుడు వాడు కెనడావాడు, జైల్లో వేసేటప్పుడు కొరియా బిడ్డ. ఏదో ఒకటి తేల్చండి.

అవునండీ, విన్నాను. సంతకం పెడితే జెండా మాట కేసులోంచి తీసేస్తారు, శిక్ష తగ్గుద్ది. పెట్టకపోతే దేశాన్ని అవమానించాడని కూడా ఎక్కుద్ది. నిన్న లాకప్పులో వాడి కుడి చెవి దగ్గర నోరు పెట్టి ఇదే అడిగాను. "పెట్టకమ్మా. కొట్టానని ఒప్పుకుంటా. కానీ జెండాకి కావాలని వీపు పెట్టలేదు, వినపడలేదని రాయమను" అన్నాడు. వాడికి ఇంకా ఆ జెండా గురించే బాధ. వెర్రివెధవ.

అందుకని పెట్టను. కోర్టులో చెవి చూపిస్తాం.

ప్యో వాళ్లమ్మ దగ్గరికా? వెళ్లకుండా ఉంటానా? బేరిపళ్ల పెట్టె పట్టుకుని వెళ్లి, ఆసుపత్రి నేల మీద మోకరిల్లాను. చెంప పగలగొడుతుందనుకున్నా. చెయ్యి పట్టుకుని లేపింది. మావాణ్ణీ కొత్తలో ఇలాగే చావగొట్టారమ్మా అని ఏడ్చింది. మంచిది ఆవిడ.

తలుపు తీసి చూపించింది కూడా. తల నిండా కట్లు, నోట్లో గొట్టం, ఒక కన్ను పోయింది. నిండా పాతికేళ్లు లేవు. మన పిల్లాడే కదా, జాలెయ్యాలి కదా నాకు? వెయ్యలేదు. కడుపు చల్లబడింది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని ఉండగానే, రెండో కన్ను ఎందుకు మిగిలిందా అనుకున్నాను.

దేశద్రోహి ఎవరో ఒకరు కావాలి కదా మీకు, నా పేరు రాసుకోండి. నాకున్నది ఒక్కటే పౌరసత్వం కెప్టెన్ గారూ, అదీ మీ కొరియాదే.