నిమ్మచెట్టు మీది పసుపు తీగ

"నానమ్మా, గేటుకాడి కంచె మీద ఈ పసుపు దారాలేంది? ఎవరేసిండ్రు?"

అగో, చెయ్యి పెట్టకు! పీకకు బిడ్డా, చెప్తున్న గద. మా దిక్కు సీతమ్మ సవరం అంటరు. ఆకు లేదు, వేరు లేదు. మొదలు భూమిలకెల్లి దారమోలె లేస్తది, ఏ కొమ్మ దొరుకుతదా అని అటిటు ఊగుతది. దొరికిందా, సుట్టుకొని రసం తాగుతది, ఇగ భూమితోని దానికి పని లేదు. జానెడు తునక పడ్డా మళ్ల అంటుకుంటది. తెల్ల పూత రాకముందే కొమ్మతోని కోసి కాలబెట్టాలె, గింజ రాలిందంటే ఏండ్లకేండ్లు మట్టిల ఉంటది... జెర ఆ కుర్చీ ఇటు జరుపు. వద్దులే, కూసోబుద్ధి అయితలే.

నేను కొండాపూర్ దిక్కు కోడలుగ వచ్చిన కొత్తల, అప్పుడు కూలి మూడు రూపాయలు, కాదు, నాలుగో ఏమో, కలుపుకు పోతే ఒర్రె ఒడ్డుకు రేగుకంపల నిండ గిదే. బంగారమోలె మెరుస్తుండె. తెంపి జడల పెట్టుకున్న. ఇంటికాడ మా అత్త సూస్తె తిడ్తదని గుంజి పెరట్ల నిమ్మచెట్టు మీదికి ఇసిరేసిన. గంతే.

కొన్ని నెలలకు చెట్టంత అల్లుకుంది. కాయ లేదు, ఆకు రాలింది. అత్త గుండె బాదుకున్నది, "వేరు లేని తీగ నా పెరట్లకు ఎట్లొచ్చింది? ఎవరో బాణామతి చేసిండ్రు!" అని. పక్కింటి మణెమ్మక్క, మొగడు సచ్చిపోయినామె, దినాం ఒక నిమ్మకాయకు వస్తుండె పాపం. ఆమె పేరే పెట్టిండ్రు. ఊరంత ఒక్కటై బాయికాడ నీళ్లు తోడనియ్యలే. బిడ్డను సంకనేసుకొని గడ్డపోతారం పోయింది, కంపెనీల ఊడ్సే పనికి.

నేనా? నాకప్పుడు ఎరుకలేదు, తునకతోని బతుకుతదని. కాదు... అబద్ధమెందుకు, ఎరుకయ్యింది. ఆ యేడే వ్యవసాయం సారు వచ్చి, ఎవలో తునక పడేసి ఉంటరని చెప్పిండు. అత్త యాడ నమ్మింది! నేను చాటల బియ్యం ఏరుకుంట ఆడనే ఉన్న. నోరు తెరిస్తే అత్త సంపుతదని భయం. అత్త పోయినంక సిగ్గు.

మొన్న పటాన్‌చెరు బస్టాండుల కనబడ్డది మణెమ్మక్క. నడుము వంగిపోయింది. నా చెయ్యి పట్టుకొని మొదటి మాటే, "చెల్లే, మీ చెట్టుకు నేనేం చెయ్యలేదే" అన్నది. ఇన్నేండ్లకు గూడ! "నాకెరుకే అక్కా" అన్న. ఎట్లెరుకనో చెప్పలే, బస్సొచ్చింది. 

లే బిడ్డా, జల్దీ స్కూటీ తీయి. మణెమ్మక్క గడ్డపోతారంల బిడ్డ ఇంట్లనే ఉంటదంట. నీకు పుణ్యముంటది, నూరేండ్లు సల్లగుండు. పోయినంక బయట నిలబడకు, నా పక్కనే కూసో. నేను మళ్ల నోరు మూసుకున్ననంటే నువ్వే చెప్పు, చేసింది మా నానమ్మనే అని.